వెన్నుద్రవంలో అమైలాయిడ్ తగ్గిందంటే సంతోషించకండి

సంపాదకులకు నమస్కారం.

అల్జీమర్స్ పరీక్షల మీద మీ ఆరోగ్య పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసంలో ఒక వాక్యానికి సవరణ వేయాలని కోరుతున్నాం. వెన్నుద్రవంలో అమైలాయిడ్ పెరిగితే వ్యాధి ఉన్నట్టేనని అందులో రాశారు. నిజానికి జరిగేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. అల్జీమర్స్‌లో వెన్నుద్రవంలోని అమైలాయిడ్ బీటా 42 అనే ప్రొటీన్ ముక్క తగ్గుతుంది, టావ్ అనే మరో ప్రొటీన్ పెరుగుతుంది. మీ వాక్యాన్ని గుర్తుపెట్టుకున్న కుటుంబం రిపోర్టులో అమైలాయిడ్ అంకె పక్కన 'తక్కువ' అని ఉంటే హమ్మయ్య అనుకుంటుంది. మందు మొదలుపెట్టాల్సిన సమయం అలా చేజారిపోవచ్చు. వెన్నుద్రవ నమూనాలు పరీక్షించే పనిలో ఉన్నవాళ్లం కాబట్టి, ఆ అంకెలు ఎలా పుడతాయో, ఎక్కడ చెడిపోతాయో వివరంగా రాస్తున్నాం. ఈ పరీక్షలో తప్పులు యంత్రంలో కన్నా నమూనా యంత్రం దాకా వచ్చే దారిలోనే ఎక్కువ జరుగుతాయి. ఆ సంగతి రిపోర్టు చూసేవారికి తెలియడం లేదు.

మెదడు చుట్టూ, వెన్నుపాము చుట్టూ ఉండే ఈ ద్రవం పెద్దవారిలో దాదాపు 150 మిల్లీలీటర్లు. రోజుకు అర లీటరు దాకా కొత్తది ఊరుతుంది. అంటే ఉన్న ద్రవమంతా రోజులో మూడు నాలుగు సార్లు మారిపోతుంది. మెదడు కణాలు బయటికి వదిలే ప్రొటీన్లు ఇందులో కలుస్తాయి. నాడీకణాల పొరలో ఏపీపీ అనే పెద్ద ప్రొటీన్ ఒకటి ఉంటుంది. దాన్ని మొదట బీటా సెక్రెటేజ్, తర్వాత గామా సెక్రెటేజ్ అనే ఎంజైములు కోస్తాయి. రెండో కోత ఎక్కడ పడిందో దాన్నిబట్టి ముక్క పొడవు ఉంటుంది. ఎక్కువ భాగం 40 అమైనో ఆమ్లాల ముక్కే వస్తుంది. 42 ఆమ్లాల ముక్క అందులో సుమారు పదో వంతు. చివర అదనంగా ఉన్న ఆ రెండు ఆమ్లాలకు నీరు గిట్టదు. అందుకే 42 ముక్కలు ఒకదానికొకటి అంటుకుని మెదడులో ఫలకాలుగా పేరుకుంటాయి. ఫలకంలో చిక్కుకున్నది వెన్నుద్రవంలోకి రాదు. వ్యాధి ఉన్నవారిలో 42 మోతాదు ఆరోగ్యవంతుల్లో ఉండేదానిలో సుమారు సగానికి పడిపోతుంది, 40 మాత్రం పెద్దగా మారదు. అల్జీమర్స్ రోగుల మెదడు రక్తనాళాల గోడల్లో పేరుకున్నది ఈ ప్రొటీనేనని 1984లో గ్లెన్నర్, వాంగ్ అనే పరిశోధకులు కనిపెట్టాక, దాన్ని వెన్నుద్రవంలో కొలిచే పరీక్షలు రావడానికి మరో పదేళ్లు పట్టింది.

టావ్ సంగతి వేరు. నాడీకణం లోపల రవాణాకు దారులుగా పనిచేసే సన్నని నాళికలను నిలబెట్టి ఉంచేది టావ్. దాని పొడవైన రూపంలో 441 అమైనో ఆమ్లాలుంటాయి. వాటిలో 181వ స్థానంలో ఫాస్ఫేట్ చేరితే పీ-టావ్ 181 అనీ, 217వ స్థానంలో చేరితే పీ-టావ్ 217 అనీ అంటాం. కణాలు చనిపోయి లోపలి సరుకు బయటికి కారడం వల్లే వెన్నుద్రవంలో టావ్ పెరుగుతుందని చాలాకాలం అనుకున్నారు. టావ్ తయారయ్యే వేగాన్నే కొలిచిన పరిశోధనల్లో మరో విషయం బయటపడింది. అమైలాయిడ్ పేరుకున్న మెదడులో, బతికి ఉన్న కణాలే టావ్‌ను ఎక్కువగా తయారుచేసి బయటికి పంపుతున్నాయి. కాబట్టి పీ-టావ్ 181, 217 పెరగడం కణాల చావుకు లెక్క కాదు. అమైలాయిడ్‌కు మెదడు స్పందిస్తోందనడానికి గుర్తు. కణాల లోపల టావ్ చిక్కుముళ్లు ఎంత పేరుకున్నాయో చెప్పడానికి టావ్‌లోనే మరో భాగం, 243వ స్థానం దగ్గరి ముక్క, మెరుగ్గా పనికొస్తోంది. అయితే అది ఇంకా ఎక్కువగా పరిశోధనశాలల్లోనే ఉంది.

మొత్తం టావ్ అనే అంకె కూడా రిపోర్టులో కనిపిస్తుంది. దీన్నొక్కదాన్నీ పట్టుకుని అల్జీమర్స్ అనకూడదు. పక్షవాతం వచ్చిన కొత్తలో, తలకు గట్టి దెబ్బ తగిలినప్పుడు కూడా అది పెరుగుతుంది. నెలల్లోనే మనిషిని కుంగదీసే క్రూట్జ్‌ఫెల్ట్-జేకబ్ వ్యాధిలో మొత్తం టావ్ విపరీతంగా పెరుగుతుంది, పీ-టావ్ మాత్రం ఆ స్థాయిలో పెరగదు. ఈ తేడా గమనించకపోతే ఒక వ్యాధిని మరో వ్యాధిగా పొరబడతాం. న్యూరోఫిలమెంట్ లైట్ అనే మరో ప్రొటీన్ నాడీతంతువులు ఏ కారణంతో దెబ్బతిన్నా పెరుగుతుంది. నష్టం ఎంత వేగంగా జరుగుతోందో చెబుతుంది గానీ నష్టానికి పేరు పెట్టదు.

ఈ మార్పులు మతిమరుపు కన్నా చాలా ముందే మొదలవుతాయి. వంశపారంపర్యంగా, చిన్న వయసులోనే వచ్చే అల్జీమర్స్ జన్యువులున్న కుటుంబాల్లో జరిగి 2012లో ప్రచురితమైన అధ్యయనంలో, లక్షణాలు వస్తాయని అంచనా వేసిన వయసుకు పాతికేళ్ల ముందే వెన్నుద్రవంలో అమైలాయిడ్ 42 తగ్గడం మొదలైనట్టు తేలింది. టావ్ పెరుగుదల పదిహేనేళ్ల ముందు కనిపించింది. మనిషికి మతిమరుపు బయటపడేసరికి అమైలాయిడ్ అంకె చాలావరకు అడుగంటి ఉంటుంది. ఆ తర్వాత అది పెద్దగా కదలదు. జబ్బు ఎంత ముదిరిందో చూద్దామని ఏటేటా నడుములో సూదితో వెన్నుద్రవం తీయించి 42ను కొలిపించడంలో ప్రయోజనం లేదు. అలా అడిగే కుటుంబాలున్నాయి, ఒప్పుకునే వైద్యులూ ఉన్నారు. వద్దని గట్టిగా చెబుతున్నాం.

ఇక రిపోర్టు చదవడం గురించి. అమైలాయిడ్ 42 అంకెను ఒంటరిగా చదవకూడదు. 42ను 40తో భాగించిన నిష్పత్తి చూడాలి. పుట్టుకతోనే కొందరి మెదడు అమైలాయిడ్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది, కొందరిది తక్కువగా. ఒకరికి 42 మిల్లీలీటరుకు 700 పికోగ్రాములు, 40 చూస్తే 14,000 ఉన్నాయనుకోండి. నిష్పత్తి 0.05. మరొకరికి 42 కేవలం 450, 40 మాత్రం 5,000. నిష్పత్తి 0.09. ఒంటి అంకె చూస్తే రెండోవారికే జబ్బు ఉన్నట్టుంది. నిష్పత్తి చూస్తే మెదడులో ఫలకాలు ఉండే అవకాశం మొదటివారికే. మెదడులో నీరు చేరే నార్మల్ ప్రెజర్ హైడ్రోకెఫాలస్‌లో 42, 40 రెండూ కలిసి తగ్గుతాయి. అక్కడ కూడా ఒంటి అంకె మోసం చేస్తుంది. 40 కొలవకుండా 42 ఒక్కటే ఇచ్చే రిపోర్టు చేతికొస్తే, నిష్పత్తి ఎందుకు లేదని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో చాలా అనవసర భయాలు తప్పుతాయి.

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022 మేలో అనుమతించిన లుమిపల్స్ పరీక్షలో ఈ నిష్పత్తి 0.058 లేదా అంతకు తక్కువైతే మెదడులో అమైలాయిడ్ ఉన్నట్టు, 0.073 లేదా అంతకు ఎక్కువైతే లేనట్టు లెక్క. మధ్యలో పడితే ఉండే అవకాశం ఎక్కువే గానీ తేల్చి చెప్పలేం. అదే ఏడాది డిసెంబరులో అనుమతి పొందిన ఎలెక్సిస్ పరీక్ష మరో పద్ధతి ఎంచుకుంది. పీ-టావ్ 181ను అమైలాయిడ్ 42తో భాగిస్తుంది. ఇందులో హద్దు 0.023, అది దాటితే పాజిటివ్. ఒక కంపెనీ హద్దును మరో కంపెనీ అంకెకు అన్వయించకూడదు. చేత్తో చేసే ఎలైసా అనే పాత ల్యాబు పద్ధతిలో అమైలాయిడ్ 42కు 550 దగ్గర గీసుకున్న గీతకూ, కొత్త ఆటోమేటిక్ యంత్రంలో 1,000 దగ్గర గీసుకున్న గీతకూ పోలిక లేదు. రెండు ల్యాబుల రిపోర్టులు పక్కపక్కన పెట్టి తగ్గింది, పెరిగింది అనుకోవడం అందుకే తప్పు. రిపోర్టు మీద పరీక్ష పేరు, ఆ ల్యాబు హద్దు, కొలత యూనిట్లు మూడూ ఉండాలి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం, అంటే గొట్టానికి. అమైలాయిడ్ 42 ఫలకాలకు అంటుకున్నట్టే గొట్టం గోడకూ అంటుకుంటుంది. గాజు, పాలీస్టైరీన్ గొట్టాలు దీనికి అసలు పనికిరావు. మామూలు పాలీప్రొపిలీన్‌లో కూడా రకానికీ రకానికీ తేడా ఉంటుంది. ప్రొటీన్ తక్కువగా అంటుకునేలా తయారైన లో-బైండ్ పాలీప్రొపిలీన్ గొట్టమే వాడాలి. సూదిలోంచి చుక్కలు నేరుగా ఆ గొట్టంలోనే పడాలి. ముందు ఏదో సీసాలో పట్టి, తర్వాత ఇందులోకి ఒంపితే, ఒంపిన ప్రతిసారీ కొత్త గోడకు కొంత ప్రొటీన్ పోతుంది. గొట్టం కనీసం సగానికి పైగా నిండాలి. తక్కువ ద్రవం ఎక్కువ గోడను తాకితే పోయే వాటా పెరుగుతుంది. తీసిన తర్వాత గొట్టాన్ని తలకిందులు చేయకూడదు, దొర్లించకూడదు. రక్తం గొట్టాలను కలిపే అలవాటుతో దీన్నీ ఊపేస్తారు. అప్పుడు పైన పొడిగా ఉన్న గోడా, మూతా తడిసి అక్కడా ప్రొటీన్ అంటుకుంటుంది. నిటారుగా నిలబెట్టి 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య పంపితే రెండు వారాల లోపు కొలవవచ్చు. అంతకన్నా ఆలస్యమైతే మంచులా గడ్డకట్టించాలి, కరిగించడం మాత్రం ఒక్కసారే. మళ్లీ మళ్లీ గడ్డకట్టించి కరిగిస్తే 42 తగ్గిపోతుంది.

ఇదంతా అతిజాగ్రత్తలా కనిపించవచ్చు. లెక్క వేసి చూడండి. పీ-టావ్ 181 మిల్లీలీటరుకు 18 పికోగ్రాములు, అమైలాయిడ్ 42 900 ఉన్న మనిషికి నిష్పత్తి 0.020, అంటే నెగటివ్. సరికాని గొట్టం వల్ల 42లో ఐదో వంతు పోయిందనుకుందాం. ఇప్పుడు 720 మిగిలింది. నిష్పత్తి 0.025కు చేరి పాజిటివ్ అయింది. మెదడులో ఏ మార్పూ లేదు, జబ్బు గొట్టంలో పుట్టింది. టావ్ అంతగా గోడకు అంటుకోదు కాబట్టి పై అంకె తగ్గలేదు, కింది అంకె మాత్రమే తగ్గింది. 42ను 40తో భాగించే నిష్పత్తిలో ఈ ప్రమాదం తక్కువ. 40 కూడా కొంత అంటుకుంటుంది కాబట్టి పోయినదాన్ని కొంతవరకు సరిపెడుతుంది. పూర్తిగా సరిపెట్టదు, ఎందుకంటే 42కు అంటుకునే గుణం ఎక్కువ. హద్దుకు దగ్గరగా వచ్చిన ప్రతి ఫలితం విషయంలో నమూనా ఏ గొట్టంలో, ఎలా వచ్చిందో వైద్యుడు కనుక్కోవాలి. ల్యాబు కూడా సరైన గొట్టంలో రాని నమూనాను మొహమాటం లేకుండా తిప్పి పంపాలి. రోగికి రెండోసారి సూది వేయాల్సి వస్తుందని జాలిపడి అలాంటి నమూనా మీద అంకె ఇవ్వడం రోగికి చేసే మేలు కాదు.

రక్తం కలవడం మరో సమస్య. సూది దారిలో చిన్న రక్తనాళం తెగితే మొదటి చుక్కలు ఎర్రగా వస్తాయి. రక్తంలోని ప్రొటీన్లు, ఎంజైములు కొలతను చెడగొడతాయి. అందుకే మొదటి ఒకటి రెండు మిల్లీలీటర్లను ఈ పరీక్షకు వాడకూడదు. తర్వాత తేటగా వచ్చినదాన్ని లో-బైండ్ గొట్టంలో పట్టాలి. తేటగా ఉంటే సెంట్రిఫ్యూజ్ యంత్రంలో వేగంగా తిప్పనక్కర్లేదు. ఎర్రగా ఉంటే మంచులా గడ్డకట్టించక ముందే ఆ యంత్రంలో తిప్పి పై ద్రవం తీసుకోవాలి. ద్రవంలో కణాల సంఖ్య, గ్లూకోజు, మొత్తం ప్రొటీన్ తప్పకుండా చూడాలి. అల్జీమర్స్‌లో కణాలు పెరగవు. పెరిగాయంటే ఇన్‌ఫెక్షనో, మెదడువాపో వెతకాలి. వాటిలో కొన్ని నయమయ్యేవి. టావ్ మీద దృష్టి పెట్టి ఈ మామూలు పరీక్షను వదిలేస్తే, నయం చేయగలిగే జబ్బే చేజారుతుంది.

నడుములో సూది అనగానే కాళ్లు పడిపోతాయన్న భయం ఇంకా బలంగా ఉంది. పెద్దవారిలో వెన్నుపాము నడుము మొదటి, రెండో పూసల మధ్య ముగుస్తుంది. సూది వేసేది మూడు, నాలుగు పూసల మధ్యో, నాలుగు, ఐదు పూసల మధ్యో. రెండు తుంటి ఎముకల పై అంచులను కలిపే గీత నాలుగో పూస దగ్గరికి వస్తుంది, వైద్యుడు చేత్తో తడిమి చూసేది దాన్నే. అక్కడ వెన్నుపాము ఉండదు, ద్రవంలో తేలే నరాల పోగులుంటాయి. సూది మొన తాకితే అవి చాలావరకు పక్కకు జరుగుతాయి, ఒక కాల్లో క్షణం జివ్వుమనవచ్చు. పక్కకు తిరిగి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకోవాలి, లేదా కూర్చుని ముందుకు వంగాలి. చర్మానికి మత్తు ఇస్తారు. సాధారణంగా 10, 12 మిల్లీలీటర్లు తీస్తారు. శరీరం దాన్ని గంటలోపే మళ్లీ ఊరిస్తుంది.

ఎక్కువమందికి వచ్చే ఇబ్బంది తలనొప్పి. లేచి కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గడం దాని గుర్తు. వెన్నుద్రవం చుట్టూ ఉన్న పొరలో సూది చేసిన రంధ్రంలోంచి ద్రవం లోపలే కారడం దానికి కారణం. ఇక్కడ సూది రకం చాలా తేడా తెస్తుంది. మొన కోసుగా కోసే మామూలు సూదితో నూటికి 11 మందికి తలనొప్పి వస్తే, పెన్సిల్ మొన సూదితో నూటికి నలుగురికే వచ్చిందని 2018లో లాన్సెట్‌లో వచ్చిన సమగ్ర విశ్లేషణ చూపింది. పెన్సిల్ మొన సూది పొర పోగులను తెంచకుండా విడదీసి వెళ్తుంది. ఇంత స్పష్టమైన ఆధారం ఉండి కూడా కోసే సూదినే వాడటం మాకు అర్థం కాదు. సూది తీసేముందు లోపలి తీగను తిరిగి పెట్టి తీయాలి. తర్వాత గంటల తరబడి బల్లపరుపుగా పడుకోబెడితే తలనొప్పి రాదన్నది పాత నమ్మకం, దానికి ఆధారం దొరకలేదు. తలనొప్పి చాలావరకు కొన్ని రోజుల్లో తగ్గుతుంది. తగ్గకపోతే రోగి రక్తాన్నే కొంచెం తీసి ఆ చోట ఎక్కించి రంధ్రం మూసే పద్ధతి ఉంది. జ్వరం, కాళ్లలో బలం తగ్గడం, మూత్రం ఆగిపోవడం కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

అందరికీ ఈ సూది వేయకూడదు. మెదడులో గడ్డ, ఒత్తిడి పెరిగిన గుర్తులు ఉన్నాయేమో స్కాన్‌లో ముందు చూసుకోవాలి. రక్తం పలచబడే వార్‌ఫరిన్ వంటి మందులు వాడుతుంటే, రక్తం గడ్డకట్టే తీరును చెప్పే ఐఎన్ఆర్ అంకె 1.5 దాటితే, ప్లేట్‌లెట్లు 40,000 కన్నా తక్కువుంటే వెన్నులో రక్తస్రావం ముప్పు ఉంటుంది. ఆస్పిరిన్ ఒక్కటే వాడేవారికి సాధారణంగా అడ్డు లేదు. వాడే మందులన్నీ ముందే చెప్పాలి, వైద్యుడు చెప్పకుండా సొంతంగా ఏదీ ఆపకూడదు.

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న, ఎవరికి చేయాలన్నది. మతిమరుపు ఉంది, థైరాయిడ్, బీ12, కుంగుబాటు, మందుల ప్రభావం, స్కాన్ అన్నీ చూశారు, అయినా కారణం తేలలేదు. వయసు 65 లోపే, లేదా జబ్బు తీరు మామూలుగా లేదు, లేదా లెకనెమాబ్, డొనానెమాబ్ వంటి, మెదడులోని అమైలాయిడ్‌ను తొలగించే మందు ఇవ్వాలన్న ఆలోచన ఉంది. ఇలాంటివారికి ఈ పరీక్ష నిజంగా దారి చూపిస్తుంది. ఆ మందులకు ముందు మెదడులో అమైలాయిడ్ ఉందని రుజువు కావాలి, లేనివారికి ఇస్తే మెదడులో వాపు, రక్తస్రావం ముప్పు తప్ప లాభం లేదు. లక్షణాలేవీ లేని మనిషి మాత్రం ఉత్సుకతతో ఈ పరీక్షకు వెళ్లకూడదు. జ్ఞాపకశక్తి బాగానే ఉన్నవారిలో కూడా 50 ఏళ్ల వయసులో నూటికి సుమారు 10 మందికి, 90 ఏళ్ల వయసులో సుమారు 44 మందికి అమైలాయిడ్ పాజిటివ్ ఉంటుందని 2015లో ప్రచురితమైన విశ్లేషణ లెక్కగట్టింది. వారిలో చాలామందికి జీవితాంతం మతిమరుపు రాకపోవచ్చు. ఇలాంటివారిని రోగులనాలా వద్దా అన్నదాని మీద నిపుణుల్లోనే రెండు పక్షాలున్నాయి. అమెరికాలోని అల్జీమర్స్ అసోసియేషన్ బృందం 2024లో ఇచ్చిన ప్రమాణాలు ప్రొటీన్ మార్పు ఉంటే చాలు, జబ్బు ఉన్నట్టే అంటాయి, అయినా లక్షణాలు లేనివారికి పరీక్ష చేయమని చెప్పవు. ఐడబ్ల్యూజీ అనే మరో అంతర్జాతీయ నిపుణుల బృందం లక్షణాలు లేనివారిని ముప్పు ఉన్నవారు అని మాత్రమే పిలవాలంటుంది. మేము రెండో పక్షం. రుజువైన నివారణ లేనప్పుడు ఆరోగ్యంగా ఉన్న మనిషికి అల్జీమర్స్ రోగి అన్న ముద్ర వేయడం అన్యాయం.

రక్తపరీక్ష వచ్చేసింది, ఇక వెన్నులో సూది ఎందుకని మీ వ్యాసం అడిగింది. రక్తంలో పీ-టావ్ 217ను అమైలాయిడ్ 42తో పోల్చే పరీక్షకు ఎఫ్‌డీఏ 2025 మేలో అనుమతి ఇచ్చిన మాట నిజం. అది 55 ఏళ్లు నిండి, లక్షణాలు ఉండి, నిపుణుల దగ్గరికి వచ్చినవారికి. దానికి ఒకటి కాదు, రెండు హద్దులు పెట్టారు. కింది హద్దుకు లోపలుంటే లేదని, పై హద్దు దాటితే ఉందని. అనుమతికి ఆధారమైన అధ్యయనంలో నూటికి 20 లోపు మందికి ఫలితం మధ్యలో ఆగిపోయింది. వారికి వెన్నుద్రవ పరీక్షో, మెదడులో అమైలాయిడ్‌ను చూపే పెట్ స్కానో చేసి తేల్చాలి. రక్తంలో ఈ ప్రొటీన్లు చాలా తక్కువ. మూత్రపిండాలు సరిగా పనిచేయనివారిలో అల్జీమర్స్ లేకున్నా పీ-టావ్ పెరిగినట్టు కనిపిస్తుంది, స్థూలకాయుల్లో ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. రక్తపరీక్ష చేయించేటప్పుడు మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా చూడాలి. అది ఎక్కువగా ఉంటే పాజిటివ్ వచ్చిన పీ-టావ్ అంకెను అలాగే నమ్మకుండా వెన్నుద్రవంలో సరిచూడాలి. మతిమరుపు తెచ్చే మరో జబ్బు లూయీ బాడీ వ్యాధి అనుమానం ఉన్నప్పుడు, అందులో పేరుకునే ఆల్ఫా సైన్యూక్లీన్ అనే ప్రొటీన్‌ను పట్టే పరీక్షకు కూడా ఆ ద్రవమే వాడవచ్చు. ఆ అనుమానం ఉంటే ముందే ల్యాబుకు చెప్పాలి, అప్పుడు ఒకే సూదితో అదనంగా మరో గొట్టం పట్టి ఉంచుతారు.

భవదీయులు,
వెన్నుద్రవ పరీక్షలు చేసే ప్రయోగశాల సిబ్బంది